నాలుగో గంట ప్రశ్నలు

డయాలసిస్ వార్డులో ఆమెను అందరూ ప్రశ్నలమ్మాయి అనేవారు. అసలు పేరు బ్యాడ్జీ మీద ఉండేది గాని, బ్యాడ్జీ మీద ప్లాస్టిక్ ఏప్రాన్ ఉండేది. అందుకని పెట్టిన పేరు కన్నా పడిన పేరే స్థిరపడిపోయింది.

ఆమె పనేమిటో చెప్పడం తేలికే. కిడ్నీలు చెయ్యలేని పనిని మిషను చేత చేయించాలి. రోగి చేతికి రెండు సూదులు గుచ్చితే, ఒకదానిలోంచి రక్తం బయటికి వచ్చి, మిషన్‌లో వడకట్టుకుని, రెండోదానిలోంచి లోపలికి వెళుతుంది. వారానికి మూడుసార్లు, వచ్చినప్పుడల్లా నాలుగు గంటలు. ఆ నాలుగు గంటలూ సూదులున్న చెయ్యి కదలకూడదు. కదలకూడదన్న చేతికే దురద పుడుతుందన్న సంగతి ఆ వార్డులో కూర్చున్నవాళ్ళకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ప్రశ్నలు వెయ్యడం ఆమెకు వాళ్ళ నాన్న కొట్లో అబ్బింది. ఆయన టీవీలు బాగుచేసేవాడు. కొట్లో ఎప్పుడూ ఐదారు టీవీలు పొట్టలు విప్పుకుని కూర్చునేవి. బొమ్మ వచ్చేదానికి మాట వచ్చేది కాదు, మాట వచ్చేదానికి బొమ్మ వచ్చేది కాదు. ఆ రెంటి మధ్య చాప వేసుకుని ఆమె హోంవర్కు చేసుకునేది. నాన్న వీపు ఇటు పెట్టి టంకం వేస్తూ, "ఇప్పుడు ఏడుస్తున్నది ఎవరే?" అని అడిగేవాడు.

"పెద్దకోడలు."

"ఎందుకేడుస్తోంది?"

"చిన్నకోడలు నవ్విందిగా."

"అయితే సౌండు బాగుపడినట్టే," అని ఆ టీవీకి మూత బిగించేవాడు.

అలా పెరిగిన పిల్లకి సీరియళ్ళ వంశవృక్షాలు కంఠతా వచ్చాయి. వాటితోపాటు వైర్లన్నా, మూత విప్పితే కనపడే లోపలి సంగతులన్నా ఇష్టం ఏర్పడింది. ఫిజిక్సూ కెమిస్ట్రీ చదివింది. ప్రయోగశాలలో ఉద్యోగం చెయ్యాలనుకుంది. అది దొరక్క డయాలసిస్ కోర్సు చేసి, మొదటిసారి మిషను మూత తీసి చూసినప్పుడు మాత్రం ఇంటికి వచ్చినట్టే అనిపించింది. పంపు, ఒత్తిడి, వడపోత. తనకు తెలిసిన చుట్టాలే.

వార్డులో ఎనిమిది కుర్చీలు, ఒకే టీవీ. కిటికీవైపు వరసవాళ్ళకి సీరియల్ కావాలి. గోడవైపు వరసవాళ్ళకి ఫుట్‌బాల్ కావాలి. కిటికీవైపు పెద్దదిక్కు టైలరమ్మ. గోడవైపు పెద్దదిక్కు లారీలు నడిపి నడిపి మానేసిన డ్రైవరు బాబాయి. ఇద్దరికీ రిమోటు దగ్గర రోజూ రణమే.

"బంతి వెనకాల అంతమంది మగాళ్ళు పరుగెత్తడం చూస్తే నాకు బీపీ పెరుగుతుందయ్యా," అనేది టైలరమ్మ.

"మీ సీరియల్లో ఒక్క మనిషి తలుపు దగ్గర్నించి సోఫా దాకా రావడానికి వారం పట్టింది. అది చూస్తే నాకు బీపీ పడిపోతోంది," అనేవాడు డ్రైవరు బాబాయి.

ఒకరోజు టీవీ చెడిపోయింది. పోట్లాడుకోవడానికి ఏమీ లేక వార్డంతా చిన్నబోయింది. మిషన్ల చప్పుడొక్కటే మిగిలింది. గంటకోసారి అందరి బీపీ చూడటం ఆమె పని. టైలరమ్మ చేతికి పట్టీ చుడుతూ, ఆ నిశ్శబ్దం భరించలేక, నాన్న అడిగినట్టే అడిగింది.

"కోర్టు సీరియల్లో జడ్జిగారి చెల్లెలు ఇల్లెందుకు వదిలి వెళ్ళిపోయిందో చెప్పండి చూద్దాం."

టైలరమ్మ కళ్ళు చిట్లించి ఆలోచించింది. "ఎన్నోసారి?"

అవతలి వరస కూడా నవ్వింది. నవ్వడం అయ్యాక, "మాకేం లేవా ప్రశ్నలు? మేం డబ్బులివ్వకుండా కూర్చున్నామా?" అన్నాడు డ్రైవరు బాబాయి.

ఆటల గురించి ఆమెకు తెలిసింది సున్న. అయినా అడగమన్నారు కాబట్టి, టీవీలో ఎప్పుడో చూసింది గుర్తుచేసుకుని అడిగింది. అందరూ ఇనపమోకాళ్ళు అని పిలుచుకునే ఆటగాడొకడు ఉన్నాడు. "ఫైనల్‌లో ఇనపమోకాళ్ళు చేతికి దెబ్బ తగిలినా కట్టు కట్టుకుని ఆడాడు కదా, ఏ చేతికి తగిలింది?"

గోడవైపు వరస చివరి కుర్చీలో, చేరినప్పటినుంచీ కళ్ళు మూసుకుని తప్ప కనపడని మనిషొకాయన ఒక కన్ను తెరిచాడు.

"అమ్మాయీ, అది దెబ్బకి కట్టిన కట్టు కాదు. అది కెప్టెన్ పట్టీ."

ఆయన్ని రిఫరీ మాస్టారు అనేవారు. బడిలో డ్రిల్లు నేర్పి, సెలవుల్లో ఫుట్‌బాల్ మ్యాచ్‌లకు ఈలవేసి, ఎన్నో ఏళ్ళు గీత పక్కన జెండా పట్టుకుని నిలబడ్డ మనిషి. ఆ వార్డులో ఆయన నోటివెంట సూదులు తియ్యమనడం, సంతకం ఎక్కడ పెట్టాలనడం కాక వేరే మాట రావడం అదే మొదలు.

సంతకం ఎందుకంటే, మాస్టారు నాలుగు గంటలూ ఉండేవాడు కాదు. మూడో గంట కాగానే సూదులు తియ్యమనేవాడు. వద్దంటే వినేవాడు కాదు. సొంత పూచీ మీద దిగుతున్నానని కాగితం మీద సంతకం చేసేవాడు. ఆ మిగిలిన గంటలో బయటికి పోవలసిన నీళ్ళు ఒంట్లోనే ఉండిపోయి, ముందు కాళ్ళలో, తరవాత ఊపిరితిత్తుల్లో చేరతాయి. అప్పటికే ఒకసారి ఊపిరాడక ఐసీయూలో పెట్టారు. ఇంకోసారి అలా అయితే మనిషిని తిరిగి తేగలనని మాట ఇవ్వలేనని డాక్టరుగారు అక్కడే ఆయనతో చెప్పారు.

"తొంభై నిమిషాల ఆటకి నూట ఎనభై నిమిషాలు ఇస్తున్నాను. ఇంకా ఏం కావాలి మీకు?" అన్నాడు మాస్టారు డాక్టరుగారితో.

ఆరోజు ఆ ఒక్క కన్ను తెరుచుకోవడం ప్రశ్నలమ్మాయి చూసింది. చూసి ఊరుకునే రకం కాదు. తరవాతిసారి నుంచి క్విజ్‌కి ఒక పద్ధతి పెట్టింది. మొదటి మూడు గంటలూ సీరియళ్ళు, పాటల పోటీలు, వంటల పోటీలు. ఆటల ప్రశ్నలన్నీ నాలుగో గంటలో. సూదుల్లేని చెయ్యి ముందుగా ఎత్తినవాళ్ళకే అవకాశం. ఇంట్లో తన చిన్నపిల్లకి అన్నం తినిపిస్తూ, ఆ పిల్ల బుగ్గన పెట్టుకున్న ముద్ద మింగేలోపు ఫోన్లో ఆటగాళ్ళ గురించి చదివేది. ఒకే మ్యాచ్‌లో రెండు జట్లకీ గోలు కొట్టినవాడు, పెళ్ళిరోజున పెనాల్టీ ఆపినవాడు, పరుగుపందెం గెలిచి గీత అవతల బూటు పారేసుకున్నవాడు, అందరూ ఆమెకు చుట్టాలైపోయారు.

మాస్టారు నాలుగో గంటకి ఉండిపోవడం మొదలుపెట్టాడు. ఎందుకుంటున్నాడో ఆయనా అనలేదు, ఆమె కూడా అడగలేదు. ఆయన కోడలు మాత్రం ఒకరోజు తలుపు దగ్గర ఆమెని ఆపి, "మామయ్య రాత్రి ఆయాసం లేకుండా పడుకుని నిద్రపోయారక్కా. పడుకుని," అంది.

ఇలా కొన్నాళ్ళు కడుపులో చల్ల కదలకుండా గడిచింది. అప్పుడు ఒక సెమీఫైనల్ మ్యాచ్ మీద ప్రశ్న వచ్చింది. ఆఖరి నిమిషంలో కొట్టిన గోలు ఎందుకు చెల్లలేదు అని అడిగింది ఆమె. డ్రైవరు బాబాయి అందరికన్నా ముందు చెయ్యెత్తి, "బంతి చేతికి తగిలింది," అన్నాడు.

తప్పు జవాబు. తప్పు జవాబు విన్న మాస్టారి చెయ్యి, ఎన్నో ఏళ్ళు గీత పక్కన జెండా పట్టుకున్న ఎడమ చెయ్యి, నిటారుగా పైకి లేచింది. ఆ చేతికే రెండు సూదులున్నాయన్న సంగతి మాస్టారికి తెలుసు. చేతికి తెలీదు.

"ఆఫ్‌సైడ్," అన్నాడు.

జవాబు ఒప్పే. సూది మాత్రం ఊడిపోయింది. దుప్పటి ఎర్రబడింది, మిషను కూత పెట్టింది. ఆమె ఒక చేత్తో పంపు ఆపి, ఇంకో చేత్తో గాజుగుడ్డ అదిమి పట్టింది. హెడ్ సిస్టర్ పరుగున వచ్చి గొట్టాలకి క్లిప్పులు వేసింది. తిరిగి చూసేలోపు అంతా అయిపోయింది. ప్రాణానికి ప్రమాదం రాలేదు. చెయ్యి కమిలింది, నేలా దుప్పటీ పాడయ్యాయి, అంతే. మాస్టారు ఆ చేతికేసి పరాయివాడి చెయ్యిని చూసినట్టు చూశాడు.

"ఫౌల్ నాదే," అన్నాడు.

హెడ్ సిస్టర్ ఆమెను సామాన్ల గదిలోకి పిలిచింది. కేకలు వెయ్యలేదు. వేసి ఉంటే కొంచెం తేలికయ్యేది.

"ఇవాళ నువ్వు పక్కనే ఉన్నావు కాబట్టి సరిపోయింది. నువ్వు ఆ చివర ఉండి ఉంటే?"

ఆమె తల వంచుకుంది.

"క్విజ్ ఇవాళ్టితో ఆపెయ్. టీవీ బాగుచేయిస్తాను. కొట్టుకుంటే కొట్టుకోనీ, నోటితోనేగా."

సాయంత్రం ఇంటికి వచ్చాక ఆమె కాలుగాలిన పిల్లిలా తిరిగింది. పిల్ల నుదురు పట్టుకుని చూసింది. చల్లగా ఉంది. మళ్ళీ పట్టుకుని చూసింది. ఏదైనా భయం వేసినప్పుడు ఆ భయానికీ పిల్లకీ సంబంధం లేకపోయినా ముందు పిల్లనే తడిమి చూసుకోవడం ఆమెకు అలవాటు. "అది బాగానే ఉందమ్మా, నువ్వు కూర్చో," అంది అత్తగారు.

భర్త అంతా విని, "సిస్టర్ అన్నది సబబే కదా. నీ పని నువ్వు చేశావు. ఇక వదిలెయ్యి," అన్నాడు.

"వదిలేస్తే ఆయన మూడో గంటకి దిగిపోతారు."

"అది ఆయన ఇష్టం."

"అవును," అంది ఆమె. ఆ "అవును" సంగతి భర్తకు పెళ్ళైన కొత్తనుంచే తెలుసు. ఆమె దేనికైనా వాదించకుండా అవునందంటే వదిలిపెట్టే ఉద్దేశం లేదన్నమాట.

అనుకున్నంతా అయింది. మాస్టారు మళ్ళీ మూడో గంటకి కాగితం తెమ్మన్నాడు. ఆ తరవాత కూడా అంతే. పాదాలు చెప్పుల్లో పట్టడం మానేశాయి. "దిండ్లకి ఆనుకుని కూర్చునే ఉంటున్నారక్కా, పడుకుంటే ఆయాసం. పైగా వారానికి మూడుసార్లు దేనికి, రెండు చాలంటున్నారు," అంది కోడలు. అంటున్నప్పుడు ఆ అమ్మాయి గొంతులో ఏడుపు లేదు. ఏడ్చే దశ దాటిన గొంతది.

ప్రశ్నలమ్మాయి సూదులు తీస్తూ మాస్టారినే అడిగింది. "రెండుసార్లు చాలన్నారట?"

"ఓడిపోయే జట్టుకి అదనపు సమయం ఇచ్చి ఏం లాభం, అమ్మాయీ?"

"ఓడిపోతున్నారని ఎవరన్నారు?"

"స్కోరు కనపడుతూనే ఉందిగా." ఆయన తన కాళ్ళకేసి చూపించాడు. "నాలుగో గంటలో ఏమీ లేదమ్మా. గోడ గడియారం, నేను. మూడింటి దాకా ఎలాగో ఓర్చుకోగలను. ఆపైన నావల్ల కాదు."

నాలుగో గంటలో ఏమీ లేదన్న ముక్క దగ్గర ఆమె మనసు ఆగింది. ఆయన చావాలనుకోవట్లేదు. ఆ ఒక్క గంటకి ఆయనకు పని కావాలి. మిగతాదంతా ఆయన తరవాత కల్పించుకున్న వాదన.

మొండివాడు రాజు కన్నా బలవంతుడంటారు. వార్డులో ఇప్పుడు మొండివాళ్ళు ఇద్దరయ్యారు.

ఆమె తిన్నగా హెడ్ సిస్టర్ దగ్గరికి వెళ్ళింది. "చెయ్యి లేవకుండా క్విజ్ జరిగే దారి ఉంటే ఒప్పుకుంటారా?"

"చెప్పడం కాదు. చూపించు," అంది హెడ్ సిస్టర్.

ముందు కాలితో అయితే ఎలా ఉంటుందా అనుకుంది. ఇంట్లో సోఫాలో చేరగిలబడి, ఎడమచేతిని అత్తగారి శాలువాతో కట్టేసుకుని, భర్తని ప్రశ్నలు అడగమంది. జవాబు తెలిస్తే కుడికాలు ఎత్తాలి. భర్త అడిగిన ప్రతి ప్రశ్నకీ పిల్ల పక్కనే పడుకుని రెండు కాళ్ళూ ఎత్తేసి గెలిచింది. అది కాదు గాని, అసలు చిక్కు వేరే వచ్చింది. నాలుగో గంటలో ఒంట్లో నీళ్ళు తగ్గేకొద్దీ రోగులకి పిక్కలు పట్టేస్తాయి. ఆ సమయంలో కాలు ఎత్తమంటే టైలరమ్మ జవాబు చెప్పదు, శాపం పెడుతుంది.

"నోటితో చెప్పించు," అన్నాడు భర్త.

"అందరూ ఒక్కసారే అరుస్తారు."

"వరసగా చెప్పించు."

"వరసగా చెప్పినా ఒకరు తప్పు చెబితే..." అంటూ ఆమె ఆగిపోయింది. శాలువా ముడి విప్పుకుని లేచి కూర్చుంది.

అప్పటిదాకా ఆమె ఆలోచిస్తున్నది చెయ్యిని ఎలా ఆపాలా అని. అసలు చెయ్యి ఎందుకు లేచింది? జవాబు చెప్పడానికి లేవలేదు. పక్కవాడు తప్పు చెప్పాడని లేచింది. జవాబు తెలిసిన మనిషి ఓర్చుకోలేనిది ఓటమి కాదు, ఎదుటివాడి తప్పు. ఆ తప్పు చెవిన పడకుండా చేస్తే చాలు.

మర్నాడు హెడ్ సిస్టర్‌ని ఖాళీ కుర్చీలో కూర్చోబెట్టింది. సూదికి బదులు ఉత్త గొట్టాన్ని ఆమె చేతికి టేపుతో అంటించింది. ఆ చెయ్యి కదపకూడదంది. డ్యూటీకి వచ్చిన కొత్త నర్సుని పక్క కుర్చీలో కూర్చోబెట్టి, ఏం చెప్పాలో ముందే చెప్పి ఉంచింది.

"సిస్టర్, ఇది పాత పద్ధతి. కోర్టు సీరియల్లో జడ్జిగారికి జ్ఞాపకశక్తి ఎలా పోయింది?"

"మెట్ల మీంచి పడి," అంది కొత్త నర్సు తడుముకోకుండా.

"మెట్లేమిటి, కారు గుద్ది కదా..." అంటూ హెడ్ సిస్టర్ చెయ్యి గొట్టంతో సహా గాల్లోకి లేచింది. లేచిన చెయ్యిని ఆమే చూసుకుంది. మెల్లగా దించింది.

"నేను ఆ సీరియల్ చూడను. మా అమ్మ చూస్తుంది," అంది.

"అవును, సిస్టర్. ఇప్పుడు కొత్త పద్ధతి చూడండి."

కొత్త పద్ధతి ఇది. గంట మొదట్లో ఒకే ప్రశ్న, ఆ గంటంతటికీ. జవాబు ఎవరూ పైకి చెప్పకూడదు. ఆమె ఎలాగూ బీపీ చూడటానికి ఒక్కొక్కరి దగ్గరికీ వస్తుంది. అప్పుడు ఆమె చెవిలో చెప్పాలి. ఎవరేం చెప్పారో, ఏది ఒప్పో, నాలుగు గంటలూ పూర్తయి, సూదులు తీశాకే బయటపెడుతుంది. ముందు దిగిపోయినవాళ్ళకి జవాబు ఉండదు. ఫోన్లో చెప్పదు, తలుపు దగ్గర చెప్పదు, మర్నాడు చెప్పదు.

హెడ్ సిస్టర్ టేపు ఊడదీసుకుంది. "పైకి చెప్పినవాళ్ళు?"

"వాళ్ళ వరసకి ఆరోజు మార్కుల్లేవు."

"ఒక వారం చూస్తాను. ఒక్క చెయ్యి లేచినా టీవీ పెట్టేస్తాను. డాక్టరుగారితో నేను మాట్లాడతాను," అంది హెడ్ సిస్టర్. లేచి వెళుతూ, "కారు గుద్దే. మెట్లు కాదు," అంది.

అంతా కుదిరింది గాని, ఎవరికోసం ఇదంతా చేసిందో ఆయన కుదరలేదు.

"నేను ఆడకూడదు," అన్నాడు మాస్టారు. "సూది ఊడగొట్టింది నేను. ఎర్రకార్డు పడినవాడు నేను. నాకు మూడు ఆటల నిషేధం."

"ఎవరు వేశారు మీకు నిషేధం?" అన్నాడు డ్రైవరు బాబాయి.

"నేనే వేసుకున్నాను. ముప్ఫై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళందరికీ వేసి, నాకు వేసుకోకపోతే ఎలా?"

"సొంతానికి ఎర్రకార్డు వేసుకున్నవాణ్ణి ఇప్పుడే చూస్తున్నా," అంది టైలరమ్మ. "మా ఆయనకి ఈ బుద్ధి ఉండుంటే నా కాపురం ఇంకోలా ఉండేది."

ప్రశ్నలమ్మాయి సూదులు గుచ్చి, టేపు వేసి, చెయ్యి దిండు మీద సరిచేసి, అప్పుడంది. "నిషేధం పడినవాళ్ళు మైదానంలోకి రాకూడదు. గ్యాలరీలో కూర్చోవచ్చు కదా, మాస్టారూ?"

ఆయన కళ్ళు తిప్పి చూశాడు. "నీకెవరు చెప్పారు?"

"రూల్స్ చదివాను."

"ఎప్పుడు?"

"మా పిల్ల ముద్ద మింగేలోపు."

మాస్టారు మూతి బిగించుకున్నాడు. రూలు రూలే. కాదనడానికి లేదు.

మొదటి గంటలో వంటల పోటీ, రెండో గంటలో పాటల పోటీ, మూడో గంటలో సీరియళ్ళు నడిచాయి. గ్యాలరీ కళ్ళు మూసుకుని ఉంది. మూడో గంట ముగిసేసరికి మాస్టారు అలవాటు ప్రకారం కాగితం కోసం తలుపువైపు చూశాడు. ఆమె అటు వెళ్ళలేదు. రెండు వరసలకీ మధ్య నిలబడి నాలుగో గంట ప్రశ్న అడిగింది.

"లైన్స్‌మన్ ఆఫ్‌సైడ్ అని జెండా ఎత్తాడు. మెయిన్ రిఫరీ ఆ జెండా చూశాడు గాని పట్టించుకోలేదు, ఈల వెయ్యలేదు. బంతి గోల్లోకి వెళ్ళింది. గోలు చెల్లుతుందా, చెల్లదా? ఎందుకు?"

మాస్టారు నోరు తెరిచి, మూసుకున్నాడు. ఎడమచెయ్యి దిండు మీంచి లేవబోయింది. ఆయన కుడిచేత్తో దాని మణికట్టుని పట్టుకుని, వినని శిష్యుణ్ణి కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టాడు.

ఆమె బీపీ పట్టీ తీసుకుని బయల్దేరింది. డ్రైవరు బాబాయి దగ్గర వంగింది. ఆయన చెవిలో చెప్పి, చాలా తృప్తిగా వెనక్కి వాలాడు. ఆ తృప్తి చూసి మాస్టారికి ఒళ్ళు మండింది. తరవాతి కుర్చీవాడు చెప్పి నవ్వాడు. కిటికీవైపు వరసలో టైలరమ్మ చెవిలో చెప్పడం ఎంతకీ అవలేదు. ఒక చేతికి సూదులు, ఇంకో చేతికి పట్టీ ఉన్నాయి కాబట్టి కనుబొమ్మలతో చెప్పింది.

"ఆవిడ అంతసేపు ఏం చెప్పింది?" అన్నాడు మాస్టారు, ఆమె తన దగ్గరికి రాగానే.

"అయ్యాక చెబుతాను."

"డ్రైవరు?"

"అయ్యాక."

"వాడు తప్పే చెప్పుంటాడు."

"చెప్పి ఉండొచ్చు. ఒప్పు చెప్పి ఉండొచ్చు." ఆమె పట్టీ చుట్టి, గాలి కొట్టి, అంకె చూసింది. బాగానే ఉంది. "మూడో గంట అయింది, మాస్టారూ. కాగితం తెమ్మంటారా?"

ఆమె ఆ మాట చాలా మామూలుగా అడిగింది. ఆయన తెమ్మంటే తేవాలి. అది ఆయన హక్కు. కాదనడానికి ఆమె ఎవరు? తెస్తే, ఇంక ఆమె చేతిలో వేరే ఆట లేదు.

మాస్టారు గడియారం చూశాడు. డ్రైవరు బాబాయి మొహం చూశాడు. ఆ మొహంలో ఇంకా ఆ తృప్తి అలాగే ఉంది.

"వాడు ఒప్పు చెప్పకుండా ఉంటే నాకు చాలు," అన్నాడు. "అది విని వెళ్తాను."

ఆమె పట్టీ విప్పుకుని తరవాతి కుర్చీకి నడిచింది.

ఆ గంట మాస్టారికి చాలా పెద్దదైంది. మధ్యలో పిక్క పట్టేస్తే కోడల్ని పిలిచి రుద్దించుకున్నాడు. "దిగిపోదామా, మామయ్యా?" అందా అమ్మాయి అలవాటుకొద్దీ. "ఇంకా జవాబులు కాలేదు," అన్నాడు. కోడలు తలెత్తి ప్రశ్నలమ్మాయికేసి చూసింది. ఈమె మిషనుకేసి చూసింది, ఎందుకంటే నవ్వు వచ్చేలా ఉంది, ఆ సమయంలో నవ్వితే ఆయన లేచిపోతాడేమోనని భయం.

మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. రక్తమంతా వెనక్కి వెళ్ళింది. సూదులు తీశారు. అందరూ గుడ్డముక్కలు అదిమిపట్టుకుని కూర్చున్నాక, ఆమె మధ్యలోకి వచ్చింది.

"డ్రైవరు బాబాయి గోలు చెల్లదన్నారు. జెండా లేస్తే అంతేనట."

"అంతే కదా మరి," అన్నాడు డ్రైవరు బాబాయి.

మాస్టారు కళ్ళు మూసుకుని, నిండా ఊపిరి పీల్చుకున్నాడు. అన్నం తిన్నవాడి మొహంలా ఉంది ఆ మొహం.

"టైలరమ్మగారు చెల్లుతుందన్నారు."

మాస్టారి కళ్ళు తెరుచుకున్నాయి. "ఎందుకట?"

"నేనే చెబుతాను," అంది టైలరమ్మ. "ఆ జెండావాడు చిన్నకోడలి లాంటివాడయ్యా. చూసింది చెప్పాలి, అంతవరకే. వినాలా వద్దా అన్నది అత్తగారి ఇష్టం. ఈల అత్తగారి చేతిలో ఉంది కదా."

వార్డంతా మాస్టారికేసి తిరిగింది. గెలుపెవరిదో చెప్పగలిగింది ఆయనొక్కడే. నిషేధంలో ఉన్నవాడు మాట్లాడవచ్చా అని ఆయన ఒక్క క్షణం తనలో తాను విచారణ జరిపినట్టున్నాడు.

"ఒప్పే," అన్నాడు చివరికి. "జెండా సలహా. ఈల తీర్పు. నేను ఎన్నిసార్లు జెండా ఎత్తి ఎత్తి చెయ్యి నొప్పెట్టి దించుకున్నానో." తరవాత డ్రైవరు బాబాయి వైపు తిరిగి, "లారీ ఎలా నడిపావయ్యా నువ్వు ఇన్నాళ్ళూ?" అన్నాడు.

"జెండా కనపడితే ఆపేవాణ్ణి. అందుకే బతికున్నాను," అన్నాడు డ్రైవరు బాబాయి.

మాస్టారు నవ్వాడు. నవ్వుతూ గుడ్డముక్క ఎత్తి చూశాడు. రక్తం ఆగింది. లేచి నిలబడ్డాడు. కోడలు చెప్పులు ముందుకు జరిపితే ఇంకా సరిగ్గా పట్టలేదు. ఒక్కరోజుతో వాపు పోదు. ఆ సంగతి ప్రశ్నలమ్మాయికి తెలుసు. ఎల్లుండి కావాలి, ఆ పైది కావాలి, వారం తరవాత వారం కావాలి. ప్రతి నాలుగో గంటకీ ఒక ప్రశ్న కావాలి, అదీ ఆయన మూడో గంటకి దిగిపోలేనంత మంచి ప్రశ్న.

ఆమె ఆయన కుర్చీ తుడవడం మొదలుపెట్టింది. తరవాతి బ్యాచ్ అప్పుడే తలుపు దగ్గర ఉంది.

"ఇంకా రెండు ఆటలుంది నిషేధం," అన్నాడు మాస్టారు ఆమెతో. "ఎల్లుండి కూడా గ్యాలరీయే."

"రండి. ఎల్లుండి నాలుగో గంటలో టెన్నిస్."

"టెన్నిస్ నాకు తెలీదు."

"నాకూ తెలీదు," అంది ఆమె, గుడ్డ పిండుతూ. "ఇద్దరికీ రెండు రోజులు టైముంది కదా, మాస్టారూ."